ఐదో రౌండులో మా అన్నయ్య

లింకన్, నెబ్రాస్కా
ఏప్రిల్ 30

అన్నయ్యా,

శనివారం నుంచి ఫోను చేస్తూనే ఉన్నాను, నువ్వు ఎత్తడం లేదు. కోపం వల్లనో, కొత్త జట్టు హడావుడి వల్లనో తెలియడం లేదు. అందుకని ఉత్తరం రాస్తున్నాను. ఉత్తరాన్నయితే మధ్యలో కట్ చేయలేవు కదా.

ముందు శుభాకాంక్షలు. కాలేజీ ఆటగాళ్లను ఫుట్‌బాల్ జట్లు వంతులవారీగా ఎంచుకునే ఆ డ్రాఫ్ట్‌లో నీ పేరు చదివినప్పుడు మన బేకరీలో అమ్మ చేతిలోని పిండి అలాగే ఉండిపోయిందట. మన లిబెన్‌లో నడవగలిగిన వాళ్లంతా కొట్లోకి వచ్చేసి, ఉన్న కొలాచీ బన్నులన్నీ ఊరికే తినేసి వెళ్లారట. నేనేమో ఇక్కడ కాలేజీ పత్రిక ఆఫీసులో ఉన్నాను. నీ పేరు వినగానే కుర్చీలోంచి లేచి అరిచాను. తరవాత కూర్చుని డి గ్రేడు వేశాను.

అది నీకు వేసింది కాదు, జట్టుకు వేసింది. ఈ మాట అమ్మకు పదిసార్లు చెప్పాను, ఎక్కలేదు. నీకైనా ఎక్కుతుందని ఆశ.

మా ఎడిటర్ టక్కర్ ప్రతి జట్టుకూ ఒక గ్రేడు కావాలన్నాడు. ఎవరు ఎవరిని ఎంచుకున్నారు, ఎవరు బాగుపడ్డారు, ఎవరు మోసపోయారు, అంతా ఆదివారం పొద్దుటికల్లా. నిన్ను ఎంచుకున్న టొలీడో రివర్‌మెన్ జట్టు మాత్రం వేరేవాళ్లకు ఇవ్వమని బతిమాలాను. "ఒకడికి జ్వరం, ఒకడికి పరీక్ష. మిగిలింది నువ్వే. సొంతవాళ్లని చూసి న్యాయంగా రాయడం చేతకాదా ఏం?" అన్నాడు. చేతనవునని చూపించాను. ఇదిగో, నేను రాసింది ఇంతే:

"పరుగెత్తేవాళ్లూ, బంతి అందుకునేవాళ్లూ ఇంకా మిగిలి ఉండగా, రివర్‌మెన్ ఐదో రౌండును ఒక స్నాపర్ మీద ఖర్చుపెట్టింది. తన్నేవాడి కోసం బంతిని కాళ్ల సందులోంచి వెనక్కి విసరడమే ఇతని పని. మ్యాచి మొత్తంలో పట్టుమని పదిసార్లు మైదానంలోకి వస్తాడు. ఇలాంటివాళ్లను ఏడు రౌండ్లూ ముగిశాక, ఎవరూ ఎంచుకోని వాళ్లలోంచి పిలుచుకోవచ్చు. ఆకలితో అంగడికి వెళ్లి ఉప్పు డబ్బా పట్టుకొచ్చినట్టుంది. గ్రేడు: డి."

ఉప్పు డబ్బా మాట తట్టినప్పుడు నాకు ఎంత ఆనందం వేసిందో నీకు చెప్పలేను. మాటలు అలా చేతికి అందుతుంటే ఆగలేకపోతున్నాను ఈ మధ్య. దాని కింద టక్కర్ ఒక వాక్యం చేర్చాడు: "రచయిత్రి ఈ ఆటగాడి చెల్లెలు." ఆ ఒక్క వాక్యంతో నా డి దేశమంతా తిరిగింది. సొంత చెల్లెలే డి వేసిందని రేడియోలో నవ్వుకున్నారట. నా రాత ఇంతమంది చదవడం ఇదే మొదటిసారి. సంతోషించాలో, తల దాచుకోవాలో తెలియకుండా ఉంది.

ఒక్క ముక్క రాయి. తిట్టినా సరే.

నీ జో

*

టొలీడో, ఒహాయో
మే 14

జో,

తిట్టడం లేదు. ఫోను పెట్టెలో పడేశాను, అంతే. తెలిసినవాడూ తెలియనివాడూ నీ డి నాకు పంపిస్తున్నారు, నేను చూడలేదేమో అన్నట్టు. మా ఐదో తరగతి టీచరు కూడా పంపింది, పక్కన ఒక గుండె బొమ్మతో. ఆ గుండె ఎవరి కోసమో అర్థం కాలేదు.

ఉప్పు డబ్బా బాగుంది. ఇక్కడ ఇప్పుడు నా పేరు అదే. డెరిక్ అని పిలిస్తే ఎవరినో అనుకుంటున్నాను.

నీకొక సంగతి చెప్పాలి. నన్ను ఎందుకు ఎంచుకున్నారో నాకూ తెలియదు. డ్రాఫ్ట్‌కు ముందు ఈ జట్టునుంచి ఎవరూ నాతో మాట్లాడలేదు. మిగతా కుర్రాళ్లను పిలిచి భోజనాలు పెట్టారట, పరీక్షలు పెట్టారట, వాళ్ల అమ్మలతో కూడా మాట్లాడారట. నన్నెవరూ పలకరించలేదు. శనివారం నేను ఊరవతల పొలంలో ట్రాక్టరు టైరు మారుస్తుంటే ఫోను వచ్చింది. ఎవరో ఆటపట్టిస్తున్నారనుకుని పెట్టేశాను. మళ్లీ చేశారు. ఇక్కడికి వచ్చాక కోచ్‌ని అడిగాను. "వెళ్లి విసురు" అన్నాడు. అదే జవాబు.

ఇంకో చిక్కు. ఏ జట్టూ ఇద్దరు స్నాపర్లను ఉంచుకోదు. ఇక్కడ లైల్ బెక్‌స్ట్రమ్ ఉన్నాడు. ముప్పై ఏడేళ్లు. మనం చిన్నప్పటినుంచి టీవీలో చూస్తున్న మనిషే. మ్యాచి మధ్యలో ఆయన విసిరిన బంతి పక్కకు పోవడం నేనెప్పుడూ చూడలేదు. ఆగస్టు ఆఖరులో ఒకరిని ఉంచి ఒకరిని పంపేస్తారు.

మన ఊరి హైస్కూల్లో వడ్రంగం చెప్పేవాళ్లు కావాలట, జట్టుకు శిక్షణ కూడా ఇవ్వాలి. ప్రిన్సిపాల్ మిసెస్ హలూజ్కా ఆ ఉద్యోగం నాకోసం ఆగస్టు పదిహేను దాకా ఆపుతానంది. ఆ తరవాత వేరేవాళ్లకు ఇచ్చేస్తుంది. అంటే ఇక్కడివాళ్లు తేల్చకముందే నేను తేల్చుకోవాలి.

అందుకని ఒకటి అడుగుతున్నాను, ఆలోచించి చెప్పు. నేను నీ అన్నను కాకపోయి ఉంటే ఏ గ్రేడు వేసేదానివి?

డెరిక్

*

లిబెన్, నెబ్రాస్కా
జూన్ 20

అన్నయ్యా,

నీ ప్రశ్నకు నెలరోజులుగా జవాబు రాయలేకపోతున్నాను. సెలవులకు ఇంటికొచ్చాను. పొద్దున్నే లేచి కొలాచీల్లో ఆప్రికాట్ పెడుతున్నాను, ఆలోచిస్తున్నాను, మళ్లీ పెడుతున్నాను. నా ఆలోచన ముదిరినప్పుడు ఆప్రికాట్ ఎక్కువ పడుతోందని అమ్మ చూసి తిడుతోంది. తిడుతోందంటే మాట్లాడుతున్నట్టే కదా. పత్రికలోంచి నీ ఫొటో వరకే కత్తిరించి ఫ్రిజ్ మీద పెట్టింది. నేను రాసింది చెత్తబుట్టలోకి పోయింది.

నిజంగా ప్రయత్నించాను. టక్కర్ చేర్చిన వాక్యం మీద చెయ్యి పెట్టుకుని వ్యాసం మొదటినుంచి మళ్లీ చదివాను. మొదటిసారి సి వేయాలనిపించింది. మర్నాడు చదివితే డినే సరైనదనిపించింది. నా స్నేహితురాలికి ఆ వాక్యం కొట్టేసి ఇచ్చాను. అది చదివి, "ఇది మీ అన్నయ్య గురించి కదా?" అంది. ఇక లాభమేముంది.

డి వేసేటప్పుడు నా మనసులో ఏముందో గుర్తుచేసుకోవాలని చూశాను. చెల్లెలు కాబట్టి ఎక్కువ వేసిందని ఎవరూ అనకూడదని ఒక భయం ఉంది, అది నిజం. ఆ భయం లేకపోయినా డి వేసేదాన్నేమో, అదీ నిజమే. రెండింటినీ విడదీయలేకపోతున్నాను. పిండిలో కలిసిపోయిన పాలను మళ్లీ బయటికి తీయమన్నట్టుంది.

సరే, పెద్దవాళ్లేం వేశారో చూద్దామని చదివాను. ఒక పెద్ద పత్రిక రివర్‌మెన్‌కు ఏ వేసింది, ధైర్యంగా ఎంచుకున్నారట. ఇంకొకటి ఎఫ్ వేసింది, బుద్ధిలేని ఎంపికట. రెండూ ఒకే రోజు వచ్చాయి. అప్పటికి మీ కొత్తవాళ్లలో ఒక్కరూ ఆ జట్టు చొక్కా వేసుకుని ఒక్క ఆట ఆడలేదు. మరి దేనిని చూసి వేశారు? నేను దేనిని చూసి వేశాను?

చదవగా చదవగా ఒకటి తోచింది, చెప్పడానికి సిగ్గుగా ఉంది. మేమందరం డ్రాఫ్ట్‌కు ముందు ఎవరు ఎన్నో రౌండులో పోతారో ఊహించి రాస్తాం. తరవాత ఏ జట్టు మా ఊహ ప్రకారం నడిస్తే దానికి ఏ వేస్తాం, తప్పితే డి వేస్తాం. అంటే మేం గ్రేడు వేసుకునేది మా ఊహలకే. నా ఊహలో నువ్వు ఏ రౌండులోనూ లేవు. నా సొంత అన్నయ్య, ఒక్క రౌండులోనూ లేడు. దాని గురించి కూడా ఆలోచిస్తున్నాను.

జవాబు ఇంకా దొరకలేదు. దొరికిందని అబద్ధం చెప్పలేను.

జో

*

టొలీడో
జులై 31

జో,

శిక్షణ శిబిరం మొదలైంది. ఎండకు హెల్మెట్‌లో తల ఉడుకుతోంది. మాట్లాడే ఓపిక ఉండదు కానీ రాయడానికి ఎందుకో ఉంటోంది. నీ జబ్బు నాకూ అంటుకున్నట్టుంది.

ఇక్కడొక ఆచారం ఉంది. కొత్తవాళ్లు రోజుకొకరు భోజనాల దగ్గర కుర్చీ ఎక్కి పాట పాడాలి. నా వంతు వచ్చింది. పాడడానికి గొంతు సవరించుకుంటే, ఒకడు నీ వ్యాసం కాగితం నా చేతిలో పెట్టాడు. "పాటొద్దు, ఇది చదువు" అన్నాడు. చదివాను. గట్టిగా, మొత్తం. ఉప్పు డబ్బా దగ్గరికి వచ్చేసరికి జనం బల్లలు బాదారు. నేనూ నవ్వాను. నవ్వకపోతే ఇంకా బాదుతారు.

లైల్ ఒక్కడే నవ్వలేదు. తినడం ఆపి, ఆ కాగితం ఇలా ఇమ్మన్నాడు. కళ్లజోడు పెట్టుకుని మొదటినుంచి చదివాడు. మడిచి జేబులో పెట్టుకుని మళ్లీ తినడం మొదలుపెట్టాడు. అది చూసి నాకు బల్లలు బాదినప్పటికంటే ఎక్కువ భయం వేసింది.

అసలు ఆ మనిషే నాకు అర్థం కావడం లేదు. ఆయన స్థానం కోసమే నేను వచ్చాను. అది తెలిసి కూడా రోజూ ప్రాక్టీసు అయ్యాక నన్ను ఆపి నేర్పిస్తున్నాడు. చెమట పట్టిన చేతిని ఎక్కడ తుడవాలో, గాలి ఎటు ఉంటే ఎంత కిందికి విసరాలో చెబుతున్నాడు. పోయిన వారం నేను బాగా విసిరితే, "ఇది నా దాని కంటే బాగుంది" అన్నాడు, కోచ్ వింటుండగానే. మంచితనమా? ఎత్తుగడా? నన్ను మెత్తబరచడమా? మిగతావాళ్లను అడిగితే భుజాలు ఎగరేస్తున్నారు.

కోచ్ ఏమీ చెప్పడు. మధ్యాహ్నం ఎండలో నా బంతులు కొన్ని ఎత్తుగా పోతున్నాయి. రాత్రి పడుకుంటే మన హైస్కూలు వర్క్‌షాపులో చెక్కపొట్టు వాసన వస్తున్నట్టు ఉంటుంది. మిసెస్ హలూజ్కాకు ఊఁ అనేస్తే ప్రాణం హాయిగా ఉంటుందేమో. వీళ్లు పంపేదాకా ఆగి, ఉద్యోగం కూడా పోగొట్టుకుని ఇంటికి రావడం నాకిష్టం లేదు.

శనివారాలు జనాన్ని తాడు అవతలినుంచి చూడనిస్తారు. ఒకసారి రా, జో. నేను విసిరింది చూడు, ఆయన విసిరింది చూడు. గ్రేడు వద్దు. చూసింది చెప్పు. నన్ను ఊరడించడానికి ఒక్క ముక్క రాసినా నాకు తెలిసిపోతుంది.

డెరిక్

*

షికాగో బస్ స్టేషన్
ఆగస్టు 9

అన్నయ్యా,

ఇంటికి చేరేదాకా ఆగితే మెత్తబడిపోతానేమోనని ఇక్కడే రాస్తున్నాను. పక్కన ఒకావిడ మొక్కజొన్న పేలాలు తింటూ నా కాగితంలోకి తొంగిచూస్తోంది. చూసుకోనీ.

నిన్న మూడు గంటలు తాడు దగ్గర నిలబడ్డాను. నువ్వు చెయ్యి ఊపినప్పుడు నేను ఊపలేదు. చెల్లెలిగా రాలేదు కాబట్టి.

చూసింది ఇది. దూరంగా తన్నేవాడికి విసిరేటప్పుడు నీ బంతి లైల్ బంతికంటే వేగంగా పోతుంది. నాలాంటి వాళ్లకు కూడా తెలిసేంత తేడా ఉంది. కానీ గోలుకు తన్నేటప్పుడు ఇంకొకడు బంతిని అందుకుని నేలమీద నిలబెడతాడు కదా, అక్కడ ఆయన వేరు. బంతి మీది కుట్లు తన్నేవాడి కాలికి తగలకుండా అవతలివైపు ఉండాలి. లైల్ విసిరితే ఆ మనిషి బంతిని తిప్పనే తిప్పడు. కుట్లు అటే తిరిగి వచ్చి చేతిలో కూర్చుంటాయి. నువ్వు విసిరితే అప్పుడప్పుడు వేళ్లతో గబగబా తిప్పుకుంటున్నాడు. ఎండ ముదిరాక మరీనూ. రెండు బంతులకు అతను మోకాళ్ల మీదినుంచి లేవవలసి వచ్చింది.

కాబట్టి, అన్నయ్యా, ఇవాళ లైల్ నీకంటే మెరుగు. నువ్వు ఆయనకు దగ్గరగా ఉన్నావు. నేననుకున్న దానికంటే చాలా దగ్గరగా ఉన్నావు. నువ్వు ఇంత బాగా విసురుతావని నాకు తెలియదు. తెలిసి ఉండవలసింది, ఎప్పుడూ అలా నిలబడి చూడలేదు.

ఇంకొకటి. నీకు చెప్పాలో వద్దో తేల్చుకోలేక చెబుతున్నాను. ప్రాక్టీసు అయ్యాక లైల్ తాడు దగ్గరికి వచ్చాడు. సంతకాలు పెట్టుకుంటూ నా ముందు ఆగాడు.

"డి వేసిన అమ్మాయివి నువ్వేనా?"

అవునన్నాను.

"వాడికి వేశావా, మాకు వేశావా?"

"మీకేనండీ. జట్టుకు."

"మరి వాడికి?"

ఐదో రౌండు గురించి ఏదో మొదలుపెట్టాను. ఆయన కోపంగా లేడు. "అది రాయలేదేం? నేను వెతికాను, ఎక్కడా లేదు" అన్నాడు. పక్కవాడి టోపీ అందుకుని సంతకం పెడుతూ వెళ్లిపోయాడు.

అప్పటినుంచి బస్సులో అదే. నేను రాసిన దాంట్లో నువ్వు లేవు. ఐదో రౌండు ఉంది, మిగిలినవాళ్లు ఉన్నారు, ఉప్పు డబ్బా ఉంది. నువ్వెలా విసురుతావో ఒక్క వాక్యం లేదు. నిన్ను తగ్గించి వేశానా, హెచ్చించి వేశానా అని ఇన్నాళ్లూ కొట్టుకున్నాను. అసలు నిన్ను చూడనే లేదు.

ఉద్యోగం సంగతి నేను చెప్పను. నా మాట మీద మిసెస్ హలూజ్కాకు ఔననీ అనకు, కాదనీ అనకు. నేను చూసింది పైన రాశాను. ఊరడింపు ఎక్కడైనా కనిపిస్తే కొట్టెయ్.

బస్సు పిలుస్తున్నారు.

జో

*

టొలీడో
ఆగస్టు 28

జో,

నన్ను ఉంచుకున్నారు.

మొదట అమ్మకు ఫోను చేశాను, అవును, ఫోను పెట్టెలోంచి తీశాను. అమ్మ ఏడ్చి, నవ్వి, "దానికి కూడా చెప్పు పాపం" అంది. అంటే నిన్ను క్షమించినట్టే. నీకు మాత్రం రాయాలనిపించింది, ఎందుకంటే మిగతాది ఫోనులో చెప్పడం నాకు చేతకాదు.

నీ ఉత్తరం పదమూడున అందింది. లైల్ నాకంటే మెరుగని నువ్వు రాసిన చోట మొదట కాగితం మడిచి పక్కన పెట్టేశాను. మళ్లీ తీసి చదివితే తేలికైంది. ఇన్నాళ్లూ నాకు వినిపించింది డి అన్న అక్షరం. దానితో ఏం చేయాలో ఎవరికి తెలుసు? కుట్లు తిప్పుకోవలసి వస్తోందంటే మాత్రం ఏం చేయాలో తెలుసు. మిసెస్ హలూజ్కాకు శిబిరం ఆఫీసులోంచి ఫోను చేసి రానని చెప్పాను. ఆవిడ మంచిదే, నిట్టూర్చి దీవించింది. అప్పటినుంచి రోజూ సాయంత్రం కుట్ల మీదే పడ్డాను. పక్కన నిలబడి చూసింది ఎవరనుకున్నావు? లైలే.

నిన్న మధ్యాహ్నం ఆయన్ని కోచ్ గదికి పిలిచారు; ఇంకా పదేళ్లు ఆడగల కుర్రాడు మేలనుకున్నారట. పావుగంటలో బయటికి వచ్చాడు. పద్నాలుగేళ్లు ఒకే జట్టులో ఆడిన మనిషి ఒక సంచీతో పార్కింగులోకి నడిచాడు. నేను వెనకాలే వెళ్లాను. ఏప్రిల్ నుంచి తొలుస్తున్నదే అడిగాను, నన్నెందుకు ఎంచుకున్నారో మీకేమైనా తెలుసా అని.

తెలుసన్నాడు. ఫిబ్రవరిలో కోచ్ ఆయన్ని కూర్చోబెట్టి, ఈ ఏడాది కాలేజీల్లోంచి వచ్చే స్నాపర్ల ఆటలన్నీ చూపించి, ఎవరు మంచివాడని అడిగాడట. ఆయన నా పేరు చెప్పాడట.

"మీ స్థానానికేనని మీకు తెలియదా?" అన్నాను.

"ఇంకెవరి స్థానానికి అడుగుతారు, అబ్బాయ్?"

"తెలిసీ ఎందుకు చెప్పారు?"

"అడిగారు. చూశాను. చూసింది చెప్పాను." కారు వెనక తలుపు తీసి సంచీ లోపల పడేశాడు. "ఇంకో పేరు చెబుదామని ఒక పూట అనిపించింది. ఉన్నాడు ఒకడు, ఇంకో ఏడాది దాకా నన్ను నా స్థానంలోంచి కదిలించలేనివాడు. చెప్పలేకపోయాను."

ఆయనే మళ్లీ అన్నాడు: "ఐదో రౌండులో మాత్రం తీసుకోమనలేదు నేను. ఏడు దాటాక కూడా దొరుకుతాడు, తొందరపడకండని నెత్తీ నోరూ కొట్టుకున్నాను. వినలేదు. మీ చెల్లెలు వేసిన డి సరైనదే. నేనైనా అదే వేసేవాణ్ణి. ఆ కాగితం మా ఆవిడకు చూపించాను, ఈ పిల్లకు బుద్ధి ఉంది, సగమే రాసిందన్నాను."

నవ్వాడు. నేను నవ్వానో ఏడ్చానో నాకే తెలియదు.

ఇప్పుడు చెప్పు, జో, దీన్ని ఏమనాలి? నన్ను ఐదో రౌండులో ఎంచుకున్నది తప్పు, నేను తప్పు కాదు. ఆయన మెరుగు, వెళ్లింది ఆయన. నేను గెలిచాను, గెలిపించింది ఆయన. నిన్నటినుంచి అందరూ నా వీపు తడుతున్నారు. వీపు ఎవరిదో అన్నట్టుంది. నీకు మాటలు ఎక్కువ తెలుసు కదా, ఏదైనా మాట దొరికితే పంపు. దొరకకపోతే ఉత్త కాగితం పంపినా సరే.

వచ్చే ఆదివారం మొదటి మ్యాచి. ఒక్కొక్కరికి మూడు టికెట్లు ఇస్తారు. నీకూ అమ్మకూ రెండు ఇందులో పెట్టాను. మూడోది కారు అద్దంలోంచి ఆయనకు అందించాను. వద్దంటాడనుకున్నాను. తీసుకున్నాడు, సీటు నంబరు చూశాడు, చొక్కా జేబులో పెట్టుకున్నాడు. వస్తాననీ అనలేదు, రాననీ అనలేదు.

వస్తే నీ పక్క సీటే. ఏం మాట్లాడతావో నువ్వే చూసుకో.

డెరిక్